చోటు మారని నాటకశాల, చోటు మారిన నాటకశాల: ముంబై ఒపెరా హౌస్ నుంచి అనుపు మెట్ల దాకా

నారాయణపేట, మక్తల్, కోస్గి దిక్కు ఊళ్లలో 'బొంబాయి బస్సు' అన్న మాటకు వివరణ అక్కర్లేదు. వాన మొహం చాటేసిన ఏడు ఆ బస్సెక్కి పోయి, మట్టిపనో సెంట్రింగ్ పనో చేసుకుని, పండక్కి తిరిగొచ్చే కుటుంబాలు తరాల తరబడి ఉన్నాయి. 1970లలో, 80లలో గ్రాంట్ రోడ్, గిర్గావ్ చుట్టుపక్కల బతికిన వాళ్లకు 'ఒపెరా హౌస్' అంటే ఒక బస్టాపు, ఒక సినిమా హాలు. అందులో తప్పేమీ లేదు. చర్నీ రోడ్ స్టేషన్ దగ్గర్లోని రాయల్ ఒపెరా హౌస్ 1935 నుంచి 1993లో మూతపడేదాకా ఎక్కువగా సినిమాలే ఆడించింది. చుట్టూ ఉన్న పేటకు పేటే ఆ పేరుతో స్థిరపడిపోయింది.

ఇప్పుడు అక్కడికి వెళ్తే వాళ్ల జ్ఞాపకంలోని హాలు కనిపించదు. 23 ఏళ్లు తలుపులు మూసుకుని 2016 అక్టోబరులో మళ్లీ తెరుచుకున్న ఆ భవనం, నూరేళ్ల కిందటి తన తొలి రూపానికి దగ్గరగా వచ్చింది. బంగారు రంగు అలంకారాలు, డబ్బూ హోదా ఉన్నవాళ్లు విడిగా కూర్చునేందుకు కట్టిన బాక్సులు, ఎనిమిది భాగాలుగా చిత్రించిన గుమ్మటం, బొంబాయి వ్యాపారులైన ససూన్ కుటుంబం ఇచ్చిన గాజు షాండిలియర్లు. లోపలికి అడుగుపెట్టినవాళ్లు కాసేపు తలెత్తి అలాగే ఉండిపోతారు. ఆ అబ్బురం తీరాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ భవనాన్ని ఏ కాలానికి తిరిగి తీసుకెళ్లారు? నూరేళ్లు దాటిన కట్టడానికి ఒకే ముఖం ఉండదు. పెళ్లినాటి ఫొటోలోనూ ముసలితనపు ఫొటోలోనూ ఉన్నది ఒకే మనిషి. గోడకు ఒక ఫొటోకే చోటుంటే ఏది తగిలించాలి? బాగుచేయడంలో సుత్తి పట్టకముందే తేల్చుకోవాల్సిన సంగతి ఇది.

ఈ నాటకశాల ఆలోచన 1908 నాటిది. కలకత్తా నుంచి నాటక బృందాలను నడిపిన మారిస్ బాండ్‌మన్, బొగ్గు వ్యాపారంలో ఉన్న పారసీ జహంగీర్ ఫ్రామ్‌జీ కరాకా దాని వెనక ఉన్నారు. 1911లో ఢిల్లీ దర్బారుకు వచ్చిన ఐదో జార్జి చక్రవర్తి, పని పూర్తికాకముందే ప్రారంభోత్సవం చేశాడు. 1912కు కట్టడం ఒక కొలిక్కి వచ్చింది. పేరు ఒపెరాదే అయినా, ఒపెరా ఒక్కదాంతో హాలు నిండేంత జనం బొంబాయిలో లేరు. త్వరలోనే బాలగంధర్వ, దీనానాథ్ మంగేష్కర్ లాంటి మరాఠీ సంగీత నాటక దిగ్గజాలు ఆ వేదికెక్కారు. మూకీలు వచ్చాయి, ఆ తర్వాత టాకీలు. పృథ్వీరాజ్ కపూర్ కూడా అక్కడ నాటకాలు ఆడాడు. 1952లో హాలు గుజరాత్‌లోని గోండల్ సంస్థానపు రాజకుటుంబం చేతికి వచ్చింది. టీవీలు, వీడియో క్యాసెట్లు హాళ్ల పొట్టగొట్టిన రోజుల్లో, 1993లో తాళం పడింది.

ఒపెరా అనగానే పరాయి మాటలా వినిపిస్తుంది గానీ అందులోని పద్ధతి పాలమూరు, నల్లగొండ పల్లెలకు కొత్తది కాదు. కథంతా పాటతో నడవాలి. కోపమొచ్చినా దుఃఖమొచ్చినా పాత్ర పాడే చెప్పుకోవాలి. యక్షగానం చేసేదీ అదే. తెర పట్టుకుంటారు, దరువు మీద వేషం ప్రవేశిస్తుంది, పాట అందుకోగానే వెనక వంతవాళ్లు ఎత్తుకుంటారు. చిందు బాగోతం ఒక్క రాత్రి కూర్చుని చూసినవాళ్లకు ఒపెరా అర్థం కాకపోవడమంటూ ఉండదు, భాష తప్ప. తేడా ఉన్నది గొంతు ప్రయాణం చేసే చోటులో. బాగోతం ఊరి నడిబజారులో, ఆకాశం కింద ఆడతారు. అక్కడ గోడ లేదు, కప్పు లేదు. పాడిన మాట ఒక్కసారి చెవిన పడి గాలిలో కలిసిపోతుంది. అందుకే వంత కావాలి, ఒకే చరణం మళ్లీ మళ్లీ పాడాలి, గొంతు పై స్థాయిలో ఎత్తిపట్టాలి. ఒపెరా గాయని కూడా మైకు లేకుండానే పాడుతుంది. ఆమెకు వంతపాడేది భవనమే.

ఆ వంత ఎలా పనిచేస్తుందో తెలిస్తే హాలును చూసే చూపు మారిపోతుంది. గొంతు నుంచి బయలుదేరిన ధ్వని నేరుగా వచ్చి చెవికి తగిలేది ఒకటి. గోడలకు, కప్పుకు, బాక్సుల అంచులకు తగిలి కొద్ది క్షణాల తేడాతో వచ్చి చేరేవి వందలు. ఇవన్నీ కలిసి పాటకు నిండుదనం ఇస్తాయి. పాట ఆపాక ధ్వని పూర్తిగా సద్దుమణగడానికి పట్టే సమయాన్ని కొలుస్తారు. ఉపన్యాసాల హాలుకు అది ఒక సెకను లోపు ఉండాలి, లేకపోతే మాట మీద మాట పడి ఏదీ అర్థం కాదు. పెద్ద వాద్యబృందానికి రెండు సెకన్ల దాకా ఉంటే అందం. ఒపెరాకు మాట తెలియాలి, రాగమూ నిలవాలి కాబట్టి సుమారు ఒకటింబావు నుంచి ఒకటిన్నర సెకన్ల మధ్య ఉండేలా చూస్తారు. ఈ లెక్కకు దారి చూపింది హార్వర్డ్ అధ్యాపకుడు వాలెస్ సబీన్. 1890ల చివర్లో, మాట అర్థంకాని ఒక లెక్చర్ హాలును బాగుచేయమంటే, ఆయన రాత్రుళ్లు పక్క నాటకశాలలోని కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు పెడితే ప్రతిధ్వని ఎంత తగ్గుతుందో కొలిచి, పొద్దున్నే తిరిగి పంపించేవాడు. హాలు ఎంత పెద్దదైతే ధ్వని అంత సేపు నిలుస్తుంది, మెత్తటి వస్తువులు ఎన్ని ఎక్కువైతే అంత త్వరగా అణిగిపోతుంది అని సూత్రం కట్టాడు. మనుషులు కూడా ఆ లెక్కలో మెత్తలే. ఖాళీ హాలు ఒకలా మోగుతుంది, నిండు హాలు ఇంకోలా మోగుతుంది.

కుర్చీకి ఏ గుడ్డ వేయాలి, నేల మీద తివాచీ పరచాలా వద్దా, గోడకు గచ్చు ఎంత మందం పూయాలి అన్నవి చూడముచ్చటకు సంబంధించినవిగా కనిపిస్తాయి. పాత నాటకశాలను బాగుచేసేటప్పుడు ఇవన్నీ ధ్వని నిర్ణయాలే. ఒపెరా హౌస్ సినిమా హాలు అయినప్పుడు సరిగ్గా ఈ అవసరమే తలకిందులైంది. సినిమాలో ధ్వని అప్పటికే రికార్డయి ఉంటుంది. దాని ప్రతిధ్వని దానిలోనే ఉంటుంది. హాలు దానికి తన గొంతు కలిపితే మాట గజిబిజి అవుతుంది. కాబట్టి టాకీల హాలుకు నోరుమూసుకునే గోడలు కావాలి, ఒపెరాకు బదులు పలికే గోడలు కావాలి. రెండు కాలాలనూ సరిసమానంగా కాపాడదాం అనుకుంటే ఏదో ఒకటి చెడుతుంది. అందుకే ఆర్కిటెక్ట్ ఆభా నారాయణ్ లాంబా బృందం పాత ఫొటోల సాయంతో తొలినాటి రంగశాల వైపే మొగ్గింది. 2008 నుంచి 2016 దాకా సాగిన ఆ పనికి 2017లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. తెరిచిన రోజుల్లో ముంబైలో పుట్టి ఇంగ్లండులో పేరు తెచ్చుకున్న సొప్రానో, అంటే పై స్థాయిలో పాడే ఒపెరా గాయని, పట్రీషియా రొజారియో పాడింది. ధ్వని కోణం నుంచి చూస్తే ఆ ఎంపిక సరైనదే.

అయినా ఒక లోటు మిగులుతుంది, దాన్ని దాచిపెట్టకూడదు. 1912 నాటి నాటకశాలలో బాక్సులు ఎవరివో అందరికీ తెలుసు. 1935 తర్వాతి సినిమా హాలులో కింది తరగతి టికెట్టు కొన్న కూలీ కూడా అదే గుమ్మటం కింద కూర్చున్నాడు. భవనాన్ని దాని వైభవం నాటికి తిరిగి తీసుకెళ్లినప్పుడు, దాన్ని అందరిదిగా చేసిన కాలం గోడల మీద నుంచి జారిపోయింది. ఒక చిన్న గదిలో ఆనాటి ప్రొజెక్టరో టికెట్టు పుస్తకాలో పెట్టి, ఫలానా ఏళ్లలో ఇది ఇలా ఉండేదని చెప్పడం ఏ పునరుద్ధరణకూ భారం కాదు. ఇలాంటి చోట్లకు వెళ్లినప్పుడు దాని కోసం వెతకడం, లేకపోతే అడగడం మంచి అలవాటు.

ఆ కూలీ మాట ఊరికే తేలేదు. ఒపెరా హౌస్ నుంచి గ్రాంట్ రోడ్ మీదుగా అరగంట నడిస్తే కామాటిపుర వస్తుంది. దేశమంతా ఆ పేటను వేరే కారణంతో గుర్తుపెట్టుకుంది గానీ ఆ పేరు తెలుగు పేరు. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి వెళ్లి బొంబాయి కట్టడాల దగ్గర పనిచేసిన కామాటివాళ్లు ఉన్న చోటు కాబట్టి అది కామాటిపుర. బొంబాయి దీవులను కలిపి నగరంగా పేర్చిన కాలం నుంచీ ఆ నగరంలో తెలుగు చేతుల పని ఉంది. ముంబై వెళ్లి ఒపెరా హౌస్ చూసే తెలంగాణ వాళ్లు ఈ రెండు చోట్లనూ ఒకే రోజున నడవాలి. ఒకదాన్ని చూడకపోతే రెండోది సగమే అర్థమవుతుంది.

ఇక గోడల సంగతి. పాత కట్టడాన్ని బాగుచేయడంలో మొదట ఆపాల్సింది నీటిని. కప్పు కారుతుంటే లోపల ఎంత బంగారు రంగు పూసినా ఒక వానాకాలం చాలు. ఆ తర్వాత గోడల పగుళ్లలో పాతుకున్న మర్రి, రావి మొక్కలు, తుప్పుపట్టిన ఇనుప దూలాలు. రంగులు, అలంకారాలు ఆఖరున. ఈ వరుస తప్పించి ముందు ముఖద్వారానికి రంగు వేయించి ఫొటో తీయించుకునే పనులు మన దగ్గర చాలా చోట్ల కనిపిస్తాయి. గుడి అయినా గడి అయినా అదే తీరు. మరో పెద్ద తప్పు, పాత సున్నపు గోడకు సిమెంటు పూయడం.

డంగు సున్నం అంటే నడివయసు దాటిన మేస్త్రీలకు ఇంకా గుర్తే. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి తేలికైన గుల్ల రాయి మిగులుతుంది. దాని మీద నీళ్లు పోస్తే కుతకుత ఉడికి, పొగలు కక్కి, వెన్నలాంటి ముద్ద అవుతుంది. ఆ ముద్దను రోజుల తరబడి నానబెట్టి, ఇసుక కలిపి, ఎద్దు తిప్పే రాతి చక్రం కింద గానుగలో నూరుతారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలపడమూ ఉంది. సరిగ్గా నూరిన గార తాపీకి అంటుకుని లాగితే జారకుండా సాగుతుంది. వేళ్ల మధ్య రుద్దితే గరుకు తెలియదు. గోడకెక్కిన తర్వాత అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను నెలలూ ఏళ్లూ పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. బట్టీలో పోగొట్టుకున్నది గాలి నుంచి తిరిగి తెచ్చుకుంటుందన్నమాట. అలాంటి గోడ ఊపిరి తీస్తుంది. లోపలికి వచ్చిన తేమను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఇరుక్కుంటుంది, నీటితోపాటు కదిలే ఉప్పు సిమెంటు వెనక పేరుకుంటుంది, రెండు మూడు వానాకాలాలకే ఇటుకతో సహా పెచ్చులూడుతుంది. పాలమూరు జిల్లా పాత గడుల్లో సిమెంటు అతుకుల చుట్టూ తెల్లటి పొడి రాలుతూ కనిపిస్తే కారణం ఇదే. సున్నపు పని తెలిసిన చేతులు తగ్గిపోవడం పైసలు లేకపోవడం కన్నా పెద్ద నష్టం. పైసలు ఒక బడ్జెట్లో రావచ్చు, మేస్త్రీ ఒక బడ్జెట్లో తయారు కాడు.

నాటకశాలలు నిప్పుకూ బలవుతాయి. ఇటలీలోని వెనిస్ నగరపు ఒపెరా శాల లా ఫెనిచే 1996 జనవరిలో కాలిపోయింది. 'ఎలా ఉండేదో అలా, ఎక్కడ ఉండేదో అక్కడ' అన్న మాట మీద నిలబడి మళ్లీ కట్టి 2003లో తెరిచారు. అక్కడ చోటూ రూపమూ రెండూ పాతవే, రాయీ కర్రా కొత్తవి. ముంబైలో చోటు మారలేదు, భవనమూ అదే, కాలాన్ని మాత్రం వెనక్కి తిప్పారు. మూడో దారి ఒకటుంది, చోటే మార్చేయడం. దానికి ఉదాహరణ కోసం సముద్రాలు దాటాల్సిన పని లేదు. నల్లగొండ నుంచి హాలియా మీదుగా సాగర్ పోయి, ఆనకట్ట దాటి అవతలి ఒడ్డుకు చేరితే చాలు.

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది, క్రీస్తుశకం 3, 4 శతాబ్దాల నాటి మాట. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. బయటపడినవాటిలో తొమ్మిదింటిని తరలించి తిరిగి కట్టారు. మరికొన్నింటికి నమూనాలు చేసి పెట్టారు. తరలించినవాటిలో ఒకటి, నాలుగు వైపులా మెట్ల వరుసలతో మధ్యలో చదునైన అరుగులా ఉండే ఆరుబయటి రంగస్థలం. దాన్ని కుడి ఒడ్డున అనుపులో మళ్లీ నిలబెట్టారు. అందులో నాటకాలు ఆడారా, కుస్తీలు జరిగాయా, ఉత్సవాలా అన్నది పండితులు నేటికీ వాదించుకుంటున్న సంగతే. ఏదైనా, నలువైపులా జనం కూర్చుని నడుమ జరిగేదాన్ని చూసేలా కట్టిన కట్టడాలు మన దేశపు పురాతన అవశేషాల్లో బహు అరుదు. బాగోతం చూసేందుకు చుట్టూ గుమిగూడే జనాన్ని రాతిలో గీసినట్టుంటుంది దాని ఆకారం.

అనుపుకు వెళ్లినవాళ్లు తప్పకుండా చేసే పని ఒకటి. ఒకరు నడుమ నిలబడి చప్పట్లు కొడతారు లేదా మామూలు గొంతుతో మాట్లాడతారు. ఇంకొకరు పై మెట్టు ఎక్కి వింటారు. మాట స్పష్టంగా అందుతుంది. దీనికి వెనక ఉన్నది మెట్ల ఏటవాలు. చదును నేల మీద అయితే ముందు కూర్చున్నవాళ్ల తలలు, బట్టలు ధ్వనిని మింగేస్తాయి. ఏటవాలులో ప్రతి వరుసకూ గొంతు అడ్డు లేకుండా చేరుతుంది, గట్టి రాతి నేల దాన్ని పైకి తోస్తుంది. కప్పు లేకుండానే, గోడ లేకుండానే, కూర్చునే తీరుతోనే సాధించిన ధ్వని అది. సబీన్‌కు 1600 ఏళ్ల ముందే ఎవరో చెవితో కొలిచి కట్టారు.

ఆ రంగస్థలాన్ని ముంచిన నీళ్లను ఆపింది 124 మీటర్ల ఎత్తున లేచిన రాతి ఆనకట్ట. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ పనిచేసిన కట్టడం. తలల మీద బరువులు పెట్టుకుని చీమల బారులా పరంజాలు ఎక్కుతున్న కూలీల ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. ఆ బారులో పాలమూరు కూలీలు ఉన్నారు. కరువు జిల్లా నుంచి గుంపు మేస్త్రీ వెంట కదిలిన ఆ జనమే దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు రాయి మోసింది, బొంబాయి బస్సూ ఎక్కింది. కృష్ణ పక్కనే పారుతున్నా నీళ్లు దక్కని నేల వాళ్లది. తరలించిన పాత రాళ్లకు బోర్డులున్నాయి, వివరాలున్నాయి. ఆనకట్ట దగ్గర ఆ కూలీలకు అంతే శ్రద్ధగా ఒక చోటు దక్కాలి.

ఇంకో పోలిక కూడా దక్షిణ తెలంగాణలోనే ఉంది. శ్రీశైలం ముంపు నుంచి తప్పించి కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. ఆ గుడిలో నేటికీ పూజ జరుగుతుంది, మనుషులు వస్తారు. అనుపు రంగస్థలంలో చూడటానికి వచ్చినవాళ్లే తప్ప ఆడేవాళ్లు ఉండరు. వనపర్తి సంస్థానపు కోటలో పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. పండితులను పోషించి 'విద్వద్గద్వాల' అనిపించుకున్న గద్వాల కోటలోనూ కాలేజీ ఉంది, గుడి ఉంది. వాడుకలో ఉన్న గోడకు పగులు వస్తే ఎవరో ఒకరు చూస్తారు, దరఖాస్తు పెడతారు, గొడవ చేస్తారు. తాళం వేసిన గోడకు ఆ దిక్కు ఉండదు.

అయితే నాటకశాలను వాడుకలో ఉంచడం కాలేజీ నడిపినంత తేలిక కాదు. రాయల్ ఒపెరా హౌస్‌లో సీట్లు 574. టికెట్టు సగటున 500 రూపాయలు అనుకుని హాలంతా నిండినా వచ్చేది 2,87,000. అందులోంచే కళాకారులకు, కరెంటుకు, సిబ్బందికి, రేపటి కప్పు మరమ్మతుకు తీయాలి. టికెట్టు పెంచితే మామూలు జనం దూరమవుతారు. తగ్గిస్తే హాలు నిలవదు. బాగుచేయడానికి ఒక్కసారి అయ్యే ఖర్చుకు దాతలు, పురస్కారాలు దొరుకుతాయి, ఏటా అయ్యే ఖర్చుకు ఎవరూ శిలాఫలకం వేయించుకోరు. దీనికి చవక మందు లేదు. నెలకు కొన్ని రోజులు బడిపిల్లలకు, స్థానిక బృందాలకు తక్కువ అద్దెకు ఇవ్వాలి, మిగతా రోజుల ఆదాయంతో దాన్ని పూడ్చుకోవాలి. అనుపులో ఈ లెక్కల బెడద కూడా లేదు. కుర్చీ లేదు, ఏసీ లేదు. ఏడాదికి రెండు మూడు సాయంత్రాలు పురావస్తు శాఖ అనుమతితో, రాళ్లకు హాని కలగని పద్ధతిలో, మైకులు లేకుండా నల్లగొండ యక్షగాన బృందాలను అక్కడ పాడించవచ్చు. ఆ మెట్ల మీద వంతపాట ఎలా వినిపిస్తుందో తెలుసుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదు.

చూడటానికి వెళ్లేవాళ్లకు రెండు మూడు మాటలు. ముంబై ఒపెరా హౌస్‌కు మ్యూజియంకు వెళ్లినట్టు వెళ్లకూడదు, ఏదైనా కార్యక్రమానికి టికెట్టు కొనుక్కుని వెళ్లాలి. హాలు పనిచేస్తుండగా చూస్తేనే పై విషయాలన్నీ చెవికి అందుతాయి. నారాయణపేట జిల్లా వాళ్లకు కృష్ణ స్టేషన్ ముంబై లైను మీదే ఉంది, దాదర్‌లో దిగి లోకల్ రైల్లో చర్నీ రోడ్‌కు చేరవచ్చు. అరగంట ముందు వెళ్తే జనం నిండకముందు హాలు ఒకలా, నిండాక ఒకలా మోగడం తెలుస్తుంది. అనుపుకు పడవ అవసరం లేదు, ఆనకట్ట కుడి ఒడ్డున ఉన్న నేటి ఊరు విజయపురి సౌత్ నుంచి రోడ్డు ఉంది. పడవ మీద వెళ్లాల్సిన నాగార్జునకొండ మ్యూజియానికి మాత్రం శుక్రవారం సెలవు. ఎండాకాలం పగలు ఆ రాతి మెట్ల మీద కాలు పెట్టలేరు. పొద్దు వాలాక వెళ్లి, ఒకరు కింద నిలబడి తెలిసిన దరువు ఒకటి అందుకుంటే, పై వరుసలో ఉన్నవాళ్లు వంత కలపవచ్చు.